పీఎంఐ 58 నుంచి 56కు తగ్గితే వ్యాపారం పడిపోయినట్టేనా?

ముందుగా మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుందాం. మీరు సరుకు ఎగుమతి చేసే దేశంలో ప్రైవేటు రంగ కార్యకలాపాలను కొలిచే కాంపోజిట్ పీఎంఐ (సంస్థల కొనుగోలు మేనేజర్లను ప్రతి నెలా అడిగి కట్టే 'పర్చేజింగ్ మేనేజర్స్ ఇండెక్స్'లో తయారీ, సేవల రంగాలను కలిపిన సూచీ) గత నెలలో 58.4గా ఉండి, ఈ నెల 56.1కు వచ్చింది. ఒక వార్త దీన్ని "వ్యాపార కార్యకలాపాలు క్షీణించాయి" అని రాస్తే, మరొకటి "బలమైన వృద్ధి కొనసాగింది" అని రాసింది. ఈ రెండింటిలో ఏది నిజం, ఈ అంకెను బట్టి ఆ దేశపు జీడీపీ ఎంత పెరుగుతుందో లెక్కకట్టవచ్చా, అక్కడి కర్మాగారాలకు విడిభాగాలు పంపే మీ సంస్థ నిల్వలు ఎంత పెట్టుకోవాలో దీన్ని చూసి నిర్ణయించుకోవచ్చా అన్నవి మీ మూడు సందేహాలు.

సూటిగా చెప్పాలంటే, వ్యాపారం పడిపోలేదు. పెరుగుదల కొంత తక్కువ సంస్థలకు పరిమితమైంది. సూచీ 50కి పైన ఉన్నంత వరకు, గత నెల కంటే మెరుగుపడ్డామని చెప్పిన సంస్థలు దిగజారామని చెప్పిన సంస్థల కంటే ఎక్కువగా ఉన్నట్టే. జీడీపీ విషయానికి వస్తే, ఒక్క నెల అంకెను వృద్ధి శాతంగా మార్చడం కుదరదు. మూడు నెలల సగటు ఎటు కదులుతున్నదో మాత్రమే చూడాలి. మీ నిల్వల నిర్ణయానికి ఈ కాంపోజిట్ అంకె దాదాపు పనికిరాదు, కానీ అదే సర్వేలో తయారీ రంగానికి సంబంధించిన రెండు మూడు ఉపసూచీలు (ఒక్కో అంశానికి విడిగా కట్టే సూచీలు) బాగా పనికివస్తాయి. కారణాలు వివరంగా రాస్తున్నాను.

నేను ఈ సర్వేను రెండు వైపుల నుంచీ చూశాను. ఒక తయారీ సంస్థ కొనుగోళ్ల విభాగంలో ఉన్న రోజుల్లో ప్రతి నెలా ఈ ప్రశ్నావళిని నింపి పంపడం నా పనుల్లో ఒకటి. ఆ తర్వాత రుణాలిచ్చే సంస్థలో పరిశ్రమల స్థితిగతులను పరిశీలించే బాధ్యతలోకి మారాక, ఇవే అంకెలను చదివి పైవారికి నోట్ రాయడం నా వృత్తిలో భాగమైంది. ప్రశ్నావళి నింపిన అనుభవం లేనివారికి ఈ సూచీ ఏదో ఉత్పత్తి గణాంకంలా కనిపిస్తుంది. నిజానికి అందులో రూపాయలుండవు, టన్నులుండవు. ఉత్పత్తి, కొత్త ఆర్డర్లు, ఎగుమతి ఆర్డర్లు, చేతిలో మిగిలిన పనులు, ఉద్యోగుల సంఖ్య, కొన్న ముడిసరుకు పరిమాణం, వాటి నిల్వ, తయారైన సరుకు నిల్వ, సరఫరాదారులు సరుకు అందించడానికి పట్టిన సమయం, కొన్న ధరలు, అమ్మిన ధరలు అనే అంశాలు వరుసగా ఉంటాయి. ఒక్కో అంశానికి గత నెలతో పోలిస్తే ఎక్కువా, అంతేనా, తక్కువా అన్న మూడింటిలో ఒకదాన్ని ఎంచుకోవాలి. కారణం రాయడానికి కొంచెం చోటు ఉంటుంది. అంతకు మించి మీ సంస్థ రహస్యమేదీ అడగరు. అందుకే బిజీగా ఉండే కొనుగోలు మేనేజర్లు కూడా దీనికి క్రమం తప్పకుండా జవాబిస్తారు.

ఆ జవాబులను సూచీగా మార్చే పద్ధతి చాలా సులువైనది. ఎక్కువ అన్నవారి శాతానికి, అంతే అన్నవారి శాతంలో సగం కలుపుతారు. వంద సంస్థల్లో 30 పెరిగిందని, 55 మార్పు లేదని, 15 తగ్గిందని చెబితే 30కి 27.5 కలిపి సూచీ 57.5 అవుతుంది. ఆ తర్వాత సెలవులు, పండుగలు, పంటకాలాలు వంటివాటి వల్ల ఏటా అదే సమయంలో వచ్చే ఒడిదొడుకులను సీజనల్ సర్దుబాటుతో తొలగిస్తారు. ఈ సర్వేలు చేసే సంస్థల్లో ఒకటైన ఎస్ అండ్ పీ గ్లోబల్ నలభైకి పైగా దేశాల్లో నిర్వహించే సర్వేలలో సంస్థ పరిమాణాన్ని, ఆర్థిక వ్యవస్థలో ఆ రంగానికున్న వాటాను దృష్టిలో పెట్టుకుని జవాబులిచ్చేవారిని ఎంపిక చేస్తారు.

ఈ లెక్కను వెనక్కి తిప్పితే మీ అంకెల అర్థం బయటపడుతుంది. సూచీలోంచి 50 తీసేసి రెండింతలు చేయండి. 58.4 అంటే పెరిగామన్న సంస్థల వాటా తగ్గామన్న సంస్థల వాటా కంటే 16.8 శాతం పాయింట్లు ఎక్కువ. 56.1 అంటే ఆ తేడా 12.2 పాయింట్లు. మరోవిధంగా చెప్పాలంటే, వంద సంస్థల్లో నాలుగైదు సంస్థలు "పెరిగింది" అనే గడి నుంచి "మార్పు లేదు" అనే గడికి మారితే చాలు, మీరు చూసిన 2.3 పాయింట్ల తగ్గుదల వచ్చేస్తుంది. ఒక్క సంస్థ కూడా తన అమ్మకాలు తగ్గాయని కొత్తగా చెప్పనక్కర్లేదు. కాబట్టి "క్షీణించాయి" అని రాసిన వార్త తప్పు. "బలమైన వృద్ధి" అన్నది కూడా కొంత అతిశయమే, ఎందుకంటే ఈ అంకెలో వృద్ధి బలం అసలు నమోదు కాదు.

పెరుగుదల ఎంతమందికి విస్తరించిందో సూచీ చెబుతుంది. ఎంత పెరిగిందో చెప్పదు. రెండు శాతం పెరిగిన సంస్థ, నలభై శాతం పెరిగిన సంస్థ ఒకే గడిలో టిక్ పెడతాయి. ప్రశ్నావళి నింపేటప్పుడు నాకు ఎక్కువగా తటపటాయింపు కలిగింది ఇక్కడే. ఉత్పత్తి అర శాతం పెరిగిన నెలలో "ఎక్కువ" అనాలా, "అంతే" అనాలా? కచ్చితమైన కొలబద్ద ఏదీ ఉండదు. ఒక్కో మేనేజరుకు ఒక్కో అలవాటు ఉంటుంది. ఎవరి అలవాటు వారు మార్చుకోనంత కాలం దీనివల్ల పెద్ద నష్టం లేదు. కానీ 30, 55, 15గా వచ్చిన జవాబులు, 20, 75, 5గా వచ్చిన జవాబులు రెండూ 57.5 సూచీనే ఇస్తాయని గుర్తుంచుకోవాలి. మొదటిది సంస్థల మధ్య చీలిక ఎక్కువగా ఉన్న ఆర్థిక వ్యవస్థ, రెండోది ప్రశాంతంగా ఉన్నది. రుణాలిచ్చే నా బోటివారికి ఈ రెండింటి మధ్య తేడా చాలా పెద్దది, ఎందుకంటే మొదటి దాంట్లో పదిహేను శాతం సంస్థలు కష్టంలో ఉన్నాయి. నివేదికలో శాతాల విభజన ఇచ్చినప్పుడు నేను ముందుగా చూసేది అదే.

ఇంతకంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. పోలిక ఎప్పుడూ గత నెలతోనే. ఉత్పత్తి వందగా ఉన్న సంస్థ ఒక్క నెలలో నలభైకి పడి, ఆపై నెల నలభై ఎనిమిదికి, ఆ తర్వాత యాభై ఐదుకు చేరిందనుకోండి. చివరి రెండు నెలలూ ఆ సంస్థ నిజాయితీగా "ఎక్కువ" అనే చెబుతుంది, కానీ దాని వ్యాపారం ఇంకా మునుపటి స్థాయికి దాదాపు సగంలోనే ఉంది. 2020లో ఇది ప్రపంచమంతటా జరిగింది. చైనా జాతీయ గణాంక సంస్థ ప్రకటించిన తయారీ పీఎంఐ ఆ ఏడాది ఫిబ్రవరిలో 35.7కు పడిపోయి, మార్చిలో ఏకంగా 52.0కు లేచింది. అంతా సర్దుకుందని చాలామంది రాశారు. సగానికి పైగా సంస్థలు ఫిబ్రవరి కంటే మెరుగుపడ్డాయనే దీని అర్థమని, కార్యకలాపాలు మామూలు స్థాయికి చేరాయని కాదని ఆ గణాంక సంస్థే వివరణ ఇవ్వాల్సి వచ్చింది. భారత్‌లో 2020 ఏప్రిల్‌లో సేవల రంగ సూచీ 5.4కు, కాంపోజిట్ 7.2కు పడిపోయాయి, అంటే జవాబిచ్చినవారిలో దాదాపు అందరూ తగ్గిందన్నారు. అదే ఏడాది సెప్టెంబరు నాటికి తయారీ సూచీ 56.8కు చేరింది. అయినా జులై–సెప్టెంబరు త్రైమాసికంలో జీడీపీ అంతకు ముందు ఏడాదితో పోలిస్తే 7.5 శాతం తగ్గిందని తొలి అంచనా వచ్చింది. ఈ రెండు అంకెల మధ్య వైరుధ్యం ఏమీ లేదు. ఒకటి గత నెలతో పోలిక, మరొకటి గత ఏడాదితో పోలిక.

ఇప్పుడు హెడ్‌లైన్ అంకెలో, అంటే వార్తల్లో వచ్చే ప్రధాన అంకెలో, ఏమేమి కలుస్తాయో చూద్దాం, ఎందుకంటే చాలా గందరగోళం ఇక్కడే పుడుతుంది. ఎస్ అండ్ పీ పద్ధతిలో తయారీ పీఎంఐ ఐదు ఉపసూచీల మిశ్రమం. కొత్త ఆర్డర్లకు 30 శాతం, ఉత్పత్తికి 25, ఉపాధికి 20, సరఫరాదారుల డెలివరీ సమయానికి 15, కొన్న సరుకు నిల్వలకు 10 శాతం భారం (లెక్కలో ప్రాధాన్యం) ఇస్తారు. అమెరికాలో ఇలాంటి సర్వేనే చేసే ఐఎస్ఎం సంస్థ 2008 నుంచి ఐదింటికీ సమాన భారం ఇస్తోంది. సేవల రంగంలో ఎస్ అండ్ పీ ఇచ్చే ప్రధాన అంకె మిశ్రమం కాదు. గత నెలతో పోలిస్తే మీ కార్యకలాపాలు ఎలా ఉన్నాయన్న ఒకే ప్రశ్నకు వచ్చిన జవాబు అది. కాంపోజిట్ సూచీ అంటే తయారీ పీఎంఐ, సేవల పీఎంఐల సగటు అని చాలామంది అనుకుంటారు, అది సరికాదు. తయారీ రంగం నుంచి ఉత్పత్తి ఉపసూచీని మాత్రమే తీసుకుని, దాన్ని సేవల కార్యకలాపాల సూచీతో, ఆర్థిక వ్యవస్థలో ఆ రెండు రంగాల వాటాల ప్రకారం కలుపుతారు. యూఏఈ, సౌదీ అరేబియా, ఈజిప్టు, కెన్యా, నైజీరియా వంటి దేశాల్లో మాత్రం తయారీ, నిర్మాణం, చిల్లర వ్యాపారం, సేవలు అన్నింటికీ కలిపి ఒకే సర్వే జరుగుతుంది. అక్కడి ప్రధాన అంకెలో మళ్లీ ఆ ఐదు ఉపసూచీలే ఉంటాయి. అందుచేత ఒక దేశపు కాంపోజిట్ సూచీని మరో దేశపు మొత్తం ప్రైవేటు రంగ పీఎంఐ పక్కన పెట్టి పోల్చేటప్పుడు జాగ్రత్త అవసరం.

ఐదింటిలో తరచూ దారి తప్పించేది డెలివరీ సమయం. సరుకు ఆలస్యంగా వస్తోందంటే సరఫరాదారుల దగ్గర పని ఎక్కువగా ఉందని, అంటే గిరాకీ బాగుందని భావించి, ఆలస్యం పెరిగితే సూచీ పెరిగేలా లెక్కను అమర్చారు. మామూలు కాలంలో ఆ భావన సరైనదే. కానీ ఓడరేవులు, కర్మాగారాలు మూతపడినందువల్ల సరుకు రాకపోయినా లెక్క అదే చెబుతుంది. 2020 ఏప్రిల్ ఐఎస్ఎం తయారీ నివేదికను విడదీసి చూడండి: కొత్త ఆర్డర్లు 27.1, ఉత్పత్తి 27.5, ఉపాధి 27.5, నిల్వలు 49.7, డెలివరీలు 76.0. ఐదింటి సగటు ప్రధాన సూచీగా ప్రకటించిన 41.5 దగ్గరకు వస్తుంది. డెలివరీలను పక్కన పెట్టి మిగిలిన నాలుగింటి సగటు కడితే 33కు దిగువనే ఉంటుంది. దాదాపు తొమ్మిది పాయింట్ల ఊరట కేవలం లారీలు, ఓడలు ఆగిపోవడం వల్ల వచ్చింది. హెడ్‌లైన్ మాత్రమే చూసినవారు ఆ నెలను ఒక మోస్తరు మాంద్యంగా లెక్కించి ఉంటారు.

నిల్వల సంగతి కూడా ఇలాంటిదే. బ్రిటన్ ఐరోపా సమాఖ్య నుంచి 2019 మార్చి 29న వైదొలగాల్సి ఉన్న సమయంలో, సరిహద్దుల దగ్గర సరుకు ఆగిపోతుందన్న భయంతో అక్కడి సంస్థలు ముడిసరుకును విపరీతంగా కూడబెట్టుకున్నాయి. ఆ మార్చిలో బ్రిటన్ తయారీ పీఎంఐ 55.1కు చేరింది. గిరాకీ పుంజుకుందని చూడగానే అనిపిస్తుంది, కానీ కూడబెట్టిన సరుకు తర్వాత వాడుకోవాల్సిందే కాబట్టి, జూన్ నాటికి సూచీ 48.0కు దిగిపోయింది. బ్రిటన్‌కు సరుకు పంపే విదేశీ సంస్థ ఏదైనా మార్చి అంకెను చూసి ఉత్పత్తి పెంచుకుని ఉంటే, వేసవిలో దాని గోదాము నిండిపోయి ఉండేది. మీలాంటి ఎగుమతిదారు దృష్టిలో ఉంచుకోవాల్సిన ఉదాహరణ ఇది.

ఇక చిన్న చిన్న కదలికల గురించి. సూచీ 0.3 తగ్గిందని, 0.2 పెరిగిందని రాసే వార్తలను నేను చదవడం మానేశాను. ఒక చిన్న లెక్క వేసి చూడండి. నాలుగు వందల సంస్థలను యాదృచ్ఛికంగా ఎంచుకుంటే, జవాబులు 30, 55, 15గా విడిపోతే, నమూనా ఎంపిక వల్లనే వచ్చే ప్రామాణిక దోషం (అంకె అటూ ఇటూ కదలగల సాధారణ పరిమాణం) సుమారు 1.6 పాయింట్లు ఉంటుంది. ఆచరణలో ప్రతి నెలా దాదాపు అవే సంస్థలు జవాబిస్తాయి కాబట్టి, నెల నుంచి నెలకు వచ్చే మార్పులో దోషం ఇంతకంటే తక్కువగా ఉండవచ్చు. అయినా దశాంశాలను బట్టి కథలు అల్లేంత తక్కువగా మాత్రం ఉండదు. మీ 2.3 పాయింట్ల తగ్గుదల పట్టించుకోదగినదే, కానీ ఒక్క నెలతో తేల్చేయదగినది కాదు. పైగా మీరు చూసింది నెల మూడో వారం దాటాక వచ్చే ఫ్లాష్ అంచనా అయితే, అది మొత్తం జవాబుల్లో 85–90 శాతం ఆధారంగా కట్టినది. తుది అంకె తర్వాతి నెల మొదటి పనిదినాల్లో వస్తుంది. తేడా సాధారణంగా చిన్నదే అయినా, పెద్ద సంఘటన నెల మధ్యలో జరిగితే పెరగవచ్చు.

అదే దేశానికి రెండు సర్వేలున్నప్పుడు అవి వేర్వేరు దిశల్లో కదలడం కూడా మామూలే. అమెరికాలో ఎస్ అండ్ పీ, ఐఎస్ఎం విడివిడిగా సర్వే చేస్తాయి. చైనాలో ప్రభుత్వ గణాంక సంస్థ సర్వేతో పాటు ప్రైవేటు సర్వే ఒకటి ఉంది. జవాబిచ్చే సంస్థలు వేరు, భారాలు వేరు. ఏది నిజం అని వాదులాడుకోవడం కంటే, మీ కొనుగోలుదారులు ఎలాంటి సంస్థలనేది ఆలోచించి, అలాంటివారు ఎక్కువగా ఉన్న సర్వేను ఎంచుకోవడం మేలు.

సంఖ్యల లెక్కలోకి రాని ఒక ఇబ్బంది గురించి కూడా చెప్పాలి. ప్రశ్న గడిచిన నెలలో జరిగిన దాని గురించే అడుగుతుంది, అభిప్రాయం అడగదు. అయినా జవాబిచ్చేది మనిషి. దేశమంతా ఒక దిగ్భ్రాంతిలో ఉన్నప్పుడు "అంతే" అనాల్సిన చోట చేయి "తక్కువ" వైపు వెళుతుంది. 2016 జూన్‌లో ఐరోపా సమాఖ్య నుంచి వైదొలగడంపై బ్రిటన్ ప్రజాభిప్రాయ సేకరణ ఫలితం వచ్చాక, జులై సేవల సూచీ 47.4కు పడిపోయింది. ఆగస్టు మొదటి వారంలో అక్కడి కేంద్ర బ్యాంకు వడ్డీ రేటును 0.25 శాతానికి తగ్గించింది. ఆగస్టు సూచీ 52.9కు ఎగబాకింది, ఆ జులై–సెప్టెంబరు త్రైమాసికంలో జీడీపీ 0.5 శాతం పెరిగిందని తొలి అంచనా తేల్చింది. జులైలో కొన్ని ఆర్డర్లు నిజంగానే వాయిదా పడి ఉండవచ్చు. కానీ ఆ పతనంలో గణనీయమైన భాగం మనోభావానిదేనని నా అంచనా. అందుకే ఎన్నికలు, యుద్ధం, పెద్ద పన్ను మార్పు వంటివి జరిగిన నెల అంకెను నేను పెన్సిల్‌తో రాసుకుంటాను, తర్వాతి నెల వచ్చాకే సిరాతో దిద్దుకుంటాను.

జీడీపీతో పోలిక విషయంలో మీరు ఆశించినంత సూటి సంబంధం లేదు. ప్రభుత్వ వ్యయం ఈ సర్వేలో ఉండదు, చాలా దేశాల్లో వ్యవసాయం కూడా ఉండదు. సేవల సర్వేల్లో చాలా దేశాల్లో చిల్లర వర్తకం కూడా ఉండదు. నమోదు కాని చిన్న వ్యాపారాలు ఎక్కువగా ఉన్న దేశాల్లో, ప్రశ్నావళి అందుకునేది ఒక మోస్తరు నుంచి పెద్ద సంస్థలే. చిన్నవారి మార్కెట్ పెద్దవారి చేతికి పోతున్నా సూచీ మెరుగైనట్టే కనిపించవచ్చు. దీనికి తోడు తయారీ రంగం ఒక్కదాన్నే చూసి మొత్తం ఆర్థిక వ్యవస్థ గురించి తీర్పు చెప్పే అలవాటు ఒకటి ఉంది. అమెరికాలో ఐఎస్ఎం తయారీ సూచీ 2022 నవంబరు నుంచి వరుసగా 16 నెలలు 50కి దిగువనే ఉండి, 2024 మార్చిలో 50.3కు చేరింది. ఆ మధ్యలో ఉన్న 2023లో అమెరికా జీడీపీ సుమారు రెండున్నర శాతం పెరిగిందని తొలి అంచనా వచ్చింది. తర్వాతి సవరణల్లో అది ఇంకా పెరిగింది. తయారీ సూచీ కొంతకాలం పాటు 42.5కు పైన ఉంటే మొత్తం ఆర్థిక వ్యవస్థ సాధారణంగా పెరుగుతున్నట్టేనని ఐఎస్ఎం తన 2024 నివేదికల్లోనే రాసింది. 50 అనేది ఆ రంగంలో జవాబిచ్చినవారి మధ్య సమతూకం మాత్రమే, దేశపు మాంద్యానికి గీత కాదు.

మరి ఇన్ని లోపాలున్న సూచీని కేంద్ర బ్యాంకులు, మదుపరులు ఎందుకు అంత శ్రద్ధగా చూస్తారని అడగవచ్చు. మొదటి కారణం వేగం. త్రైమాసిక జీడీపీ ఆ త్రైమాసికం ముగిసిన చాలా వారాలకు గానీ రాదు, వచ్చాక కూడా పలుమార్లు సవరిస్తారు. పీఎంఐ నెల ముగిసిన వెంటనే వస్తుంది, పెద్దగా సవరణలుండవు. రెండో కారణం, నా దృష్టిలో అసలైనది, ధరల ఉపసూచీలు. కొన్న ధరల సూచీ, అమ్మిన ధరల సూచీ రెండింటి మధ్య దూరాన్ని గమనిస్తే సంస్థల లాభాల మీద ఒత్తిడి బ్యాలెన్స్ షీట్లలో కనిపించక ముందే కనిపిస్తుంది. కొన్న ధరలు 60లలో, అమ్మిన ధరలు 50 దరిదాపుల్లో కొన్ని నెలలు నిలిచిపోయిన రంగాల్లో, వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ నిర్వహణకు తీసుకునే రుణం) పరిమితి పెంచమని రుణగ్రహీతల నుంచి దరఖాస్తులు రావడం నేను చాలాసార్లు చూశాను. కొనుగోళ్ల విభాగంలో ఉన్నప్పుడైతే ఇది బేరానికి కూడా పనికివచ్చేది. ముడిసరుకు పెరిగిందంటూ రేటు పెంచమన్న సరఫరాదారుకు, ఆ రంగం కొన్న ధరల సూచీ వరుసగా దిగుతోందని చూపించగలిగితే సంభాషణ వేరేగా సాగేది.

మీరు ఇతర సర్వేలు కూడా చూస్తారేమో కాబట్టి ఒక మాట. అన్నింటికీ 50 గీత వర్తించదు. జర్మనీలో సుమారు తొమ్మిది వేల సంస్థల జవాబులతో వచ్చే ఐఫో సూచీని ఒక ఆధార సంవత్సరాన్ని 100గా పెట్టి కడతారు, అందులో ప్రస్తుత పరిస్థితితో పాటు రాబోయే ఆరు నెలల అంచనాలు కూడా కలుస్తాయి. ఐరోపా కమిషన్ ఆర్థిక మనోభావ సూచీలో దీర్ఘకాల సగటు 100. జపాన్ కేంద్ర బ్యాంకు చేసే టాంకన్ సర్వే మూడు నెలలకోసారి వస్తుంది, అక్కడ సున్నాయే మధ్య గీత.

ఇక మీ నిల్వల ప్రశ్న. మొదట చేయాల్సింది ఆ 56.1ను విడదీయడం. చాలా దేశాల్లో కాంపోజిట్‌లో సేవలదే పెద్ద వాటా. ఉదాహరణకు సేవల భారం 70 శాతం అనుకుంటే, తయారీ ఉత్పత్తి సూచీ రెండు నెలలూ 57 దగ్గరే కదలకుండా ఉండి, సేవల సూచీ 59.0 నుంచి 55.7కు వచ్చినా, మీరు చూసిన 58.4, 56.1 అంకెలే వస్తాయి. అదే జరిగి ఉంటే, హోటళ్లు, రవాణా, బ్యాంకింగ్ నెమ్మదించడానికీ, మీ విడిభాగాలు కొనే కర్మాగారాలకూ సంబంధం తక్కువ.

తయారీ నివేదిక తెరిచాక, "కొత్త ఎగుమతి ఆర్డర్లు" అన్న వరుస చూసి అది మీ గురించేనని అనుకోవద్దు. అది ఆ దేశపు సంస్థలకు బయటి నుంచి వచ్చిన ఆర్డర్లు; మీరు వారికి అమ్ముతున్నారు. మీరు చూడాల్సినవి కొనుగోళ్ల పరిమాణం, కొన్న సరుకు నిల్వలు, కొత్త ఆర్డర్లు. కొత్త ఆర్డర్లు 50కి పైన ఉండి, కొన్న సరుకు నిల్వలు 50కి దిగువన ఉంటే, మీ కొనుగోలుదారులు గోదాము ఖాళీ చేసుకుంటూ పని నడుపుతున్నారు. త్వరలో మీకు ఫోన్ వస్తుందని సిద్ధపడవచ్చు. నిల్వలు పెరుగుతూ కొత్త ఆర్డర్లు దిగుతుంటే, ఈ నెల మీకు వచ్చిన మంచి ఆర్డరును చూసి వచ్చే త్రైమాసికానికి ముడిసరుకు కొనేయవద్దు. డెలివరీ సమయం సూచీ గట్టిగా కదిలితే, నివేదికలో దానికి ఇచ్చిన కారణం తప్పక చదవండి. గిరాకీ వల్ల ఆలస్యమా, రవాణా అడ్డంకి వల్లనా అన్నది అక్కడ ఒక వాక్యంలో రాసి ఉంటుంది. కొనుగోలుదారు భయంతో ముందస్తుగా కొంటున్నాడా, నిజంగా అవసరమై కొంటున్నాడా అన్నదానికి ఆ వాక్యమే మీకు దొరికే మొదటి ఆధారం.

ఈ మూడు వరుసలను గత ఆరు నెలలకు మూడు నెలల సగటుగా కట్టి, పక్కనే అదే కాలంలో ఆ దేశం నుంచి మీకు వచ్చిన ఆర్డర్లను పెట్టి చూడండి. మీ ఆర్డర్లు సూచీ కంటే ఎన్ని నెలలు వెనకగా కదులుతున్నాయో ప్రతి వ్యాపారానికీ వేరుగా ఉంటుంది. ఆరు నెలలు అందుకు చాలకపోతే రెండేళ్ల వెనక్కి వెళ్లండి. అన్ని దేశాలకూ ఉపసూచీల పాత అంకెలు ఉచితంగా దొరకవు, కానీ నెలవారీ పత్రికా ప్రకటనలు దొరుకుతాయి, వాటిలో ఉపసూచీలు పెరిగాయో తగ్గాయో మాటల్లో రాసి ఉంటుంది. ఆ మాటల నుంచి పెరుగుదల, నిలకడ, తగ్గుదల అని మూడు గుర్తులతో మీరే ఒక పట్టిక తయారు చేసుకున్నా, నిల్వల నిర్ణయానికి అది సరిపోతుంది.